బస్సు కండక్టర్ల ప్యాంట్లు చెప్పిన సంగతి

వ్యాయామం మొదలుపెట్టిన మనిషికి నెల తిరక్కుండానే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "ఎన్ని కేజీలు తగ్గావు?" బీపీ ఎంతకొచ్చిందనో, మెట్లెక్కితే ఇంకా ఆయాసం వస్తోందా అనో అడిగేవాళ్లు అరుదు. బరువు కాటా మీద ముల్లు కదలకపోతే ఆ చెమటంతా వృథా అయినట్టే లెక్క. చాలామంది అక్కడే మానేస్తారు కూడా. ఈ లెక్క తప్పని చెప్పే ఆధారం 1956 నుంచే ఉంది. అదీ ఎక్కడో కాదు, లండన్ బస్సు సిబ్బంది యూనిఫాం కొలతల్లో.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో గుండెపోట్లు పెరుగుతున్నాయి. కారణం ఎవరికీ సరిగా తెలియదు. జెర్రీ మోరిస్ అనే వైద్య పరిశోధకుడు మనుషులు చేసే పనుల్లో ఆ కారణాన్ని వెతికాడు. లండన్ డబుల్ డెక్కర్ బస్సు ఆయనకు దొరికిన ప్రయోగశాల. ఒకే బస్సు, ఒకే సంస్థ, దాదాపు ఒకే జీవన స్థాయి. డ్రైవరు మాత్రం షిఫ్టంతా కూర్చునే ఉంటాడు, కండక్టరు రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కి దిగుతాడు. 1953లో 'లాన్సెట్' వైద్యపత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ, వచ్చినా ఆలస్యంగా వచ్చేది, ప్రాణం తీయడమూ తక్కువే. ఇంటింటికీ తిరుగుతూ ఉత్తరాలు పంచే తపాలా ఉద్యోగుల్ని, కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్లతో పోల్చినా ఇదే తేడా కనిపించింది.

వెంటనే ఒక అనుమానం వచ్చింది. మొదట్నుంచీ లావుగా ఉన్నవాళ్లే డ్రైవర్లుగా చేరుతున్నారేమో? గుండెపోటుకు కారణం ఆ లావేనేమో? మోరిస్ బృందం సంస్థ కుట్టించి ఇచ్చే యూనిఫాం లెక్కలు తెప్పించుకుంది. అనుమానంలో నిజముంది: డ్రైవర్ల ప్యాంట్లకే నడుము కొలత ఎక్కువ. కానీ సన్నవాళ్లు, మధ్యస్థులు, లావువాళ్లు అని విడదీసి చూస్తే, ప్రతి గుంపులోనూ హఠాన్మరణాలు డ్రైవర్లలోనే ఎక్కువ. సన్నగా ఉండి రోజంతా కూర్చునేవాడికీ ముప్పుంది. లావుగా ఉండి మెట్లెక్కేవాడికి కొంత రక్షణుంది. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో ఇంతకన్నా తెలివైన పరిశోధన లేదు. దర్జీ టేపుతో తేలిపోయిన విషయాన్ని ఆ తర్వాత చాలాకాలం మరిచిపోయారు.

ఎందుకు మరిచిపోయారంటే, అదే 1956లో మరో కథ మొదలైంది. అమెరికాలో పోషకాహార శాస్త్రవేత్త అయిన జీన్ మేయర్, తన సహచరులతో కలిసి పశ్చిమ బెంగాల్‌లోని ఒక జనపనార మిల్లులో 213 మందిని పరిశీలించాడు. బేళ్లు మోసే కూలీల నుంచి కదలకుండా కూర్చునే గుమాస్తాల దాకా అందులో ఉన్నారు. కష్టపడేవాళ్లు శ్రమకు తగ్గట్టు తింటున్నారు, బరువు నిలకడగా ఉంది. బొత్తిగా కదలనివాళ్లు మాత్రం ఎక్కువ తింటున్నారు, ఎక్కువ బరువున్నారు. ఊబకాయానికి అసలు కారణం కదలకపోవడమేనన్న వాదానికి ఇది గట్టి పునాది అయింది. మేయర్ తర్వాత అమెరికా అధ్యక్షుడికి పోషకాహార సలహాదారు కూడా అయ్యాడు కాబట్టి ఆ మాట దూరం వెళ్లింది. ఒక మిల్లులో ఒక్కసారి తీసిన లెక్క అది. లావైనందుకు కదలడం తగ్గిందా, కదలనందుకు లావయ్యారా అన్నది దాన్నిబట్టి తేల్చలేం.

ఆరోగ్యం వైపు ఆధారాలు మాత్రం పోగవుతూనే వచ్చాయి. అమెరికా పరిశోధకుడు రాల్ఫ్ పాఫెన్‌బార్గర్ మొదట శాన్‌ఫ్రాన్సిస్కో ఓడరేవు కూలీలను, తర్వాత హార్వర్డ్ పూర్వ విద్యార్థులను ఏళ్ల తరబడి గమనించాడు. 1966లో డల్లాస్‌లో 20 ఏళ్ల యువకులు అయిదుగురిని మూడు వారాలు మంచం దిగనివ్వకుండా ఉంచితే వాళ్ల దేహదారుఢ్యం, అంటే శ్రమను తట్టుకునే శక్తి, పాతిక శాతానికి మించి పడిపోయింది. ముప్పై ఏళ్లయ్యాక వాళ్లనే మళ్లీ పరీక్షిస్తే, ఆ మూడు వారాల మంచం చేసినంత నష్టం ముప్పై ఏళ్లు మీదపడ్డ వయసు చెయ్యలేదని తేలింది! 1989లో స్టీవెన్ బ్లెయిర్ బృందం 13 వేల మందికి పైగా స్త్రీపురుషులను ట్రెడ్‌మిల్ మీద పరీక్షించి, దారుఢ్యం తక్కువున్నవాళ్లలో మరణాలు ఎక్కువని చూపింది.

మరి బరువు? అక్కడే లెక్క కుదరలేదు. నెలల తరబడి వ్యాయామం చేయించిన ప్రయోగాల్లో, కాగితం మీద వేసుకున్న కేలరీల లెక్క ప్రకారం తగ్గాల్సినంత బరువు తగ్గేది కాదు. ఆకలి పెరిగి ఎక్కువ తింటున్నారని, మిగతా రోజంతా తెలియకుండానే తక్కువ కదులుతున్నారని అనుకున్నారు. అందులో నిజముంది గానీ మొత్తం నిజం కాదు.

ఒంట్లో రోజు మొత్తంలో ఖర్చయ్యే శక్తిని కొలవడానికి ఒక పద్ధతుంది. హైడ్రోజన్, ఆక్సిజన్‌ల బరువైన రూపాలు కలిపిన నీళ్లు తాగించి, అవి ఎంత వేగంగా బయటికి పోతున్నాయో మూత్రంలో చూస్తారు. అమెరికా శాస్త్రవేత్త హెర్మన్ పాంట్జర్ బృందం ఈ నీళ్లతో టాంజానియాలో వేటాడుతూ, దుంపలూ తేనే సేకరిస్తూ బతికే హడ్జా జనం దగ్గరికి వెళ్లింది. మగవాళ్లు రోజుకు పదకొండు కిలోమీటర్ల దాకా నడిచే జనం వాళ్లు. 2012లో ఫలితం వచ్చింది: శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, రోజు మొత్తమ్మీద వాళ్లు ఖర్చు చేసే కేలరీలు అమెరికా, యూరప్ నగరవాసులవాటికి దాదాపు సమానం. శ్రమకు పెట్టిన ఖర్చును ఒళ్లు వేరేచోట ఆదా చేసుకుంటోందన్నది పాంట్జర్ వివరణ. అందరూ దీన్ని పూర్తిగా ఒప్పుకోలేదు. 2021లో చాలామంది కొలతలు కలిపి చూసిన మరో విశ్లేషణలో ఆ ఆదా సగటున 28 శాతమని తేలింది. అంటే వంద కేలరీల అదనపు శ్రమ చేస్తే రోజు లెక్కలో పెరిగేది 72.

ఇంతలో వ్యాపారం కూడా ఇందులో చెయ్యి పెట్టింది. తిండి మీద మరీ ధ్యాస పెడుతున్నారు, కదలిక సంగతి చూడండి అని చెప్పే ఒక శాస్త్రవేత్తల బృందానికి కోకాకోలా 15 లక్షల డాలర్లిచ్చిందని 2015 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. ఆ బృందం నాయకుల్లో పైన చెప్పిన బ్లెయిర్ కూడా ఉన్నారు. ఏడాది తిరక్కుండానే అది మూతపడింది. దారుఢ్యం గురించి ఆయన అంతకుముందు చూపినదేదీ దీనివల్ల అబద్ధం కాలేదు. కానీ శీతల పానీయం అమ్మేవాళ్లకు "పరిగెత్తితే చాలు" అన్న మాట ఎంత అవసరమో అందరికీ తెలిసొచ్చింది.

నిజానికి ఆరోగ్యం, బరువు అన్న ఈ రెండు ప్రశ్నలూ వేరని తేల్చే ప్రయోగం మన దగ్గరే జరిగింది. మధుమేహం అంచున ఉన్న 531 మందితో చెన్నై వైద్యులు చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. ఆహారం, నడక మార్చుకున్నవాళ్లలో మధుమేహం వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ల సగటు బరువు మాత్రం తగ్గలేదు. కాటా ఒక్కటే చూసుకుని ఉంటే ఆ ప్రయత్నం విఫలమైందని రాసేవాళ్లు.

బరువు విషయంలో వ్యాయామానికి అసలు పనే లేదనుకోవడమూ తప్పే. తగ్గించడంలో దాని చెయ్యి చిన్నదే, తగ్గింది మళ్లీ రాకుండా ఆపడంలో మాత్రం పెద్దది. ఊబకాయానికి కొత్త తరం ఇంజెక్షన్లు వచ్చాక ఈ ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. డెన్మార్క్‌లో, తక్కువ కేలరీల ఆహారంతో బరువు తగ్గిన 195 మందిని నాలుగు గుంపులు చేసి ఏడాది గమనించారు: అలాంటి ఇంజెక్షన్ మందు ఒక్కటే తీసుకున్నవాళ్లు, వ్యాయామం ఒక్కటే చేసినవాళ్లు, రెండూ ఉన్నవాళ్లు, ఏదీ లేనివాళ్లు. ఒంట్లో కొవ్వు అందరికన్నా ఎక్కువ తగ్గింది రెండూ ఉన్నవాళ్లకే. అన్నీ ఆపేసిన ఏడాది తర్వాత మళ్లీ తూచారు. మందు ఒక్కటే వాడినవాళ్లకు పోయిన బరువులో చాలావరకు తిరిగొచ్చింది. మందుతో పాటు వ్యాయామం కూడా చేసినవాళ్లకు అంత రాలేదు.