ఫెంగ్‌డు వెళ్తే ఏదైనా పట్టుకుంటుందా? అపోహలు - వాస్తవాలు

చైనాలో యాంగ్జీ నది మీద క్రూయిజ్‌కు వెళ్లే మన తెలుగు గ్రూపులకు టూర్ మేనేజర్‌గా పనిచేస్తుంటాను. పడవ ఫెంగ్‌డులో ఆగే రోజు టిఫిన్ల దగ్గరే గుసగుసలు మొదలవుతాయి. "అది దెయ్యాల ఊరంట కదండీ, మేం దిగం." అంత డబ్బు పెట్టి, అంత దూరం వచ్చి, గదిలో కూర్చుండిపోతారు!

అపోహ: అక్కడి ప్రేతాత్మలు మన వెంట వస్తాయి.

వాస్తవం: ఫెంగ్‌డులో మనం చూసే మింగ్‌షాన్ కొండ శ్మశానం కాదు. అక్కడున్నవి తావో, బౌద్ధ సంప్రదాయాలు కలిసిపోయిన గుళ్లు. హాన్ రాజుల కాలంలో యిన్, వాంగ్ అనే ఇద్దరు అక్కడ తపస్సు చేసి సిద్ధి పొందారని కథ. వాళ్ల ఇంటిపేర్లు కలిపితే 'యిన్‌వాంగ్', చైనా చెవికి అది పాతాళ రాజు అన్నట్టు వినిపిస్తుంది. దెయ్యాల ఊరన్న పేరు అలా అంటుకుంది. వాళ్లు 'యెన్‌లో' అనేది ఎవరినో కాదు, బౌద్ధంతో పాటు మన దేశం నుంచి వెళ్లిన యమధర్మరాజునే. చిట్టా పట్టుకున్న అధికారి బొమ్మ కనబడగానే మనవాళ్లే "అరె, చిత్రగుప్తుడు!" అంటారు. తెలిసిన దేవుణ్ణి చూడ్డానికి భయమెందుకు?

అపోహ: చనిపోయినవాళ్లు పాతాళానికి దాటేదని చెప్పే నాయ్‌హ వంతెన సరిగ్గా దాటకపోతే, గుడి ముందు రాయి మీద ఒంటికాలిపై నిలబడలేకపోతే నరకమే.

వాస్తవం: అది యాత్రికులు సరదాగా చేసే పని. మోకాళ్ల నొప్పులున్నవారు అసలు ప్రయత్నించకండి.

అపోహ: డ్యామ్ కట్టాక అంతా మునిగిపోయింది.

వాస్తవం: త్రీ గోర్జెస్ డ్యామ్ నీళ్లలో మునిగింది కింద ఉన్న పాత ఊరు. కొండ, గుళ్లు పైనే ఉన్నాయి.

ఏటి సూతకంలో వెళ్లొచ్చా అని కూడా అడుగుతారు. అది మీ ఇంటి ఆచారం, పెద్దల్ని అడగండి. అక్కడైతే ఎవరూ ఆపరు.

ఒకసారి భర్త పోయి ఏడాది దాటిన పెద్దావిడను పిల్లలు తీసుకొచ్చారు. రంపంతో కోస్తున్న శిక్షల బొమ్మలు చూసి ఆవిడ నా చెయ్యి పట్టేసుకున్నారు. "ఆయన్నీ ఇలా చేస్తారా బాబూ?" నాకు గొంతు పెగల్లేదు. బయట కూర్చోబెట్టి చెప్పాను: వీళ్ల నమ్మకంలో పది న్యాయస్థానాలుంటాయమ్మా, నరకం ఎప్పటికీ ఉండేది కాదు, పదో చోట నుంచి మళ్లీ జన్మకు పంపేస్తారు. వెళ్లేముందు మెంగ్ పో అనే ముసలమ్మ ఒక గిన్నెడు పానీయం ఇస్తుంది, తాగితే పాత బాధలన్నీ మరిచిపోతారు. ఆవిడ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మమ్మల్ని కూడా మరిచిపోతారా?" అన్నారు.

అప్పటి నుంచి ముందురోజు రాత్రే అందరికీ చెప్పేస్తున్నాను, శిక్షల బొమ్మలు ఎలా ఉంటాయో. ఈ మధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవారు నాకు చెప్పండి, ఆ భాగం వదిలేసి మిగతావి నేనే దగ్గరుండి చూపిస్తాను.