ఆంటిగ్వాను లావా ముంచలేదండీ!

మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశానికి ట్రిప్‌లు ప్లాన్ చేయడం నా పని. అక్కడి ఆంటిగ్వా అనే ఊరి గురించి అమెరికాలోని మనవాళ్ల నుంచి విసుగొచ్చేంతగా వినే ప్రశ్న ఒకటుంది: "ఆంటిగ్వా అగ్నిపర్వతం పేలి నాశనమైన పాత రాజధానే కదా, ఇప్పుడూ పేలుతోందట?" ఈ భయంతో ఆఖరి నిమిషంలో టికెట్లు క్యాన్సిల్ చేసి డబ్బు పోగొట్టుకుంటున్నారు.

1541లో మునిగింది ఆంటిగ్వా కాదు, అంతకుముందున్న రాజధాని, ఇప్పటి సియుదాద్ వియెహా. రోజుల తరబడి వాన కురిసి, ఆగ్వా అనే అగ్నిపర్వతం మీది నుంచి మట్టి, రాళ్లు వరదలా దిగాయి. గ్వాటెమాలాను జయించిన స్పెయిన్ సేనాని, భర్త పెద్రో దె అల్వరాదో పోయాక గవర్నరైన బెయాత్రిస్ దె లా క్వేవా కొద్దిరోజులకే ఆ వరదలో చనిపోయింది. తర్వాత 1543లో పక్కనున్న పాన్చోయ్ లోయలో వెలసిన కొత్త రాజధానే ఆంటిగ్వా. దాన్ని కూల్చినవి భూకంపాలు: 1717, 1751, చివరికి 1773 జూలై 29.

అప్పుడు కూడా ఊరు దానంతటది ఖాళీ కాలేదు. రాజధాని మార్చాల్సిందేనని గవర్నర్ మయోర్గా, వద్దని ఆర్చిబిషప్ కోర్తెస్ ఇ లర్రాస్ పట్టుబట్టారు. గవర్నర్ మాటే నెగ్గి 1776లో రాజధాని ఇప్పటి గ్వాటెమాలా సిటీకి మారింది. కొందరు కదలనే లేదు. పోనీ కొత్తచోటు భద్రమా అంటే, 1917-18లో అదీ కూలింది. 1976 భూకంపంలో దేశం మొత్తం మీద సుమారు 23,000 మంది పోయారు. కాబట్టి ఆంటిగ్వాలో హోటల్లో దిగగానే బయటికి దారి ఎటుందో చూసుకోండి. పడాల్సిన టెన్షన్ అదీ.

ఇక ఇప్పుడూ పేలుతోందనే అగ్నిపర్వతం, ఫ్వేగో. ఊరికి దాదాపు 16 కిలోమీటర్ల దూరంలో ఉంది, తరచూ పొగ కక్కుతుంటుంది. 2018 జూన్ 3న సాన్ మిగెల్ లోస్ లోతెస్ అనే ఊరిని కప్పేసింది. అది కొండవాలు కింద ఉన్న ఊరు. ఆంటిగ్వాలో బూడిద పడింది.

ఆ మధ్య గుంటూరు నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. కొడుకు ఆంటిగ్వా వెళ్తున్నాడని, వాట్సాప్‌లో వీడియో చూసి రాత్రంతా నిద్ర పట్టలేదని. చూస్తే అది ఫ్వేగో పేలిన 2018 నాటి వీడియో! పాతదాన్ని 'ఇప్పుడే' అని తిప్పేవాళ్లను ఏమనాలి? ఆవిడను మాత్రం తప్పుపట్టలేను. మాటల్లో తెలిసింది, అబ్బాయి ఫ్వేగో పక్కనే ఉన్న అకతెనాంగో అగ్నిపర్వతం ట్రెక్ కూడా బుక్ చేశాడట. అక్కడ భయానికి అర్థముంది. 3,976 మీటర్ల ఎత్తు, గడ్డకట్టే చలి. పైగా ఎదురుగా ఉన్న ఫ్వేగో గట్టు మీదికీ గైడ్లు తీసుకెళ్తామంటారు. "అకతెనాంగో ఎక్కు బాబూ, ఆ గట్టు మీదికి పోకు, బయల్దేరే ముందు ఇన్సివుమే, అంటే అక్కడి అగ్నిపర్వతాలను గమనించే ప్రభుత్వ సంస్థ బులెటిన్ చూడు" అని అబ్బాయికి చెప్పాను.

మిగతా అపోహలు చిన్నవే. ఆంటిగ్వాలో అన్నీ అయిదొందల ఏళ్ల నాటి కట్టడాలంటారు. కనిపించేవాటిలో చాలావరకు 1717 తర్వాత కట్టినవో, బాగుచేసినవో. శాంతా కతలీనా ఆర్చి మీది గడియారం పంతొమ్మిదో శతాబ్దంలో పెట్టారు.

విమానం నేరుగా ఆంటిగ్వాలో దిగదు. గ్వాటెమాలా సిటీలోని లా అరోరాలో దిగి రోడ్డు మీద సుమారు 40 కిలోమీటర్లు రావాలి. టికెట్ మీద ఆంటిగ్వా అని కనిపిస్తే అది కరీబియన్ దీవి, డబ్బు కట్టకముందే ఆగండి.