అపోహలు - వాస్తవాలు: "సొంత మేనత్తే కదా, భయమేముంది?"

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చున్నాక ఫోన్ మోగింది. మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ నుంచి ఒకావిడ. పై ఫ్లోర్‌లో పది పదకొండేళ్ల పాప ఉంటోందట. పొద్దున ఆరింటికే బాల్కనీ కడుగుతూ కనిపిస్తుందట. స్కూలు బస్సు ఎక్కగా ఒక్కరోజూ చూడలేదట. ఇంతా చెప్పి చివర్లో ఆవిడే సర్దుకున్నారు. "అయినా వాళ్ల సొంత మేనకోడలేనంట లెండి మేడం. అనవసరంగా టెన్షన్ పడుతున్నానేమో."

హైదరాబాద్‌లో పిల్లల్ని ఫోస్టర్ ఇళ్లలో (అంటే దత్తత కాకుండా పెంచే కుటుంబాల్లో), బంధువుల ఇళ్లలో పెట్టడం, పెట్టాక వెళ్లి చూసి రావడం పదమూడేళ్లుగా నా పని. ఈ "బంధువులే కదా" అన్న ముక్క విన్నన్నిసార్లు ఇంకేదీ వినలేదు. పొరుగువాళ్లు అంటారు, టీచర్లు అంటారు, ఎస్సైలు అంటారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ మా ఆఫీసుల్లోనూ అంటారు. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: బంధువుల ఇంట్లోనో, బాలల సంక్షేమ కమిటీ (సీడబ్ల్యూసీ) ఒప్పుకున్న ఇంట్లోనో పెట్టేశాక బిడ్డ సేఫే.

వాస్తవం: ఎవరైనా వెళ్లి చూస్తున్నంత కాలమే సేఫ్. పిల్లల సంరక్షణకు ఉన్న జేజే (జువెనైల్ జస్టిస్) చట్టం 2015లోని 44వ సెక్షన్ చదవండి. ఫోస్టర్ కుటుంబాన్ని సీడబ్ల్యూసీ ప్రతి నెలా తనిఖీ చేయాలని, బిడ్డను సరిగ్గా చూడటం లేదని తేలితే అక్కణ్నుంచి తీసి వేరే కుటుంబానికి మార్చాలని అందులో ఉంది. జరిగేదేమిటంటే, మనుషులు తక్కువ, ఫైళ్లు ఎక్కువ. తనిఖీ కాస్తా ఫోన్ కాల్ అవుతుంది. "అమ్మా, పాప బాగుందా?" "ఆఁ, బాగుందండి." టిక్కు.

ఇదైనా కమిటీ ఆర్డర్ ఉన్న పిల్లల గురించే. ఊళ్లో బస్సెక్కించి నగరానికి తెచ్చుకున్న మేనకోడలికి ఆర్డరూ ఉండదు, ఫైలూ ఉండదు. ఆ పిల్ల ఎలా ఉందో కనుక్కోవాల్సిన బాధ్యత ఏ ఆఫీసు మీదా పడదు. జాతీయ నేర గణాంకాల్లో ఏటా ఒకటే కనిపిస్తుంది. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద నమోదయ్యే అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితులు ఆ బిడ్డకు తెలిసినవాళ్లే.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చాను. జగద్గిరిగుట్టలో తొమ్మిదేళ్ల పాప. తల్లి పోయింది, తండ్రి ఆచూకీ లేదు. పెద్దమ్మ కమిటీ ముందుకొచ్చి "నా చెల్లెలి బిడ్డ, నా కడుపున పుట్టిందనుకుంటా" అని ఏడిస్తే మేమూ కళ్లు తుడుచుకున్నాం. మూడు నెలలు ముందురోజు ఫోన్ చేసే వెళ్లాను. వెళ్లేసరికి నేలంతా తడిగుడ్డ పెట్టి తుడిచి ఉండేది. ప్లేట్లో ఉస్మానియా బిస్కెట్లు. పాప ఒంటి మీద కొత్త ఫ్రాకు, మెడ వెనక ధర చీటీ వేలాడుతూ. తొందర్లో తీయడం మర్చిపోయారని నవ్వుకున్నాను. రెండోసారి వెళ్లినప్పుడూ అదే ఫ్రాకు, అదే చీటీ. అప్పుడైనా నాకు వెలగలేదు. "బాగున్నావా నాన్నా?" అంటే పాప పెద్దమ్మ వైపు చూసి తలూపింది. నేను "బాగుంది" అని రాసుకున్నాను.

నాలుగో నెలలో వేరే పిల్లాడి పని మీద అదే స్కూలుకు వెళ్లి, మాటల్లో హాజరు పట్టీ తిప్పాను. పాప పేరు ఎదురుగా వరసగా పంతొమ్మిది ఆబ్సెంట్లు. నేరుగా ఇంటికి వెళ్లాను. తలుపు పాపే తీసింది. వేళ్ల సందులు నీళ్లకు నాని, తెల్లగా ఒరిసిపోయి ఉన్నాయి. పెద్దమ్మ నాలుగిళ్లలో పాచిపని ఒప్పుకుంది, అందులో రెండిళ్లు పాప చేస్తోంది. ఆ మూడు నెలల రిపోర్టుల కింద సంతకం నాది.

ఇది మన దగ్గరే అనుకోకండి. ఐవరీ కోస్ట్‌లో పుట్టిన విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ల పాప 2000 ఫిబ్రవరిలో లండన్‌లో చనిపోయింది. చదివిస్తానని తల్లిదండ్రులకు చెప్పి తీసుకెళ్లిన సొంత బంధువు, ఆమె ప్రియుడు చిత్రహింసలు పెట్టారు. ఒంటి మీద 128 గాయాలు. ఆస్పత్రులు చూశాయి, పోలీసులు చూశారు, సంక్షేమ శాఖ చూసింది. కేసు చూసిన సోషల్ వర్కర్ పాపను నాలుగుసార్లు కలిసింది, అన్నీ కలిపితే అరగంట కూడా కాలేదని విచారణలో తేలింది. కొత్తగా ఈ పనిలో చేరేవాళ్లకు ట్రైనింగ్‌లో నేను చట్టం కంటే ముందు ఈ కేసే చెప్తాను.

ఇప్పుడు నేను ముందుగా ఫోన్ చేయను. మొదట స్కూలుకు వెళ్తాను, తర్వాతే ఇంటికి. పాపను కిరాణా కొట్టు దాకా నడిపించుకుంటూ తీసుకెళ్తాను. "బాగున్నావా" అని అడిగితే ఏ పిల్లయినా బాగున్నాననే అంటుంది. "నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నావ్? పక్కన ఎవరు? పొద్దున లేచి మొదట ఏం చేశావ్?" ఇలా అడిగితే ఇల్లు మొత్తం కనిపిస్తుంది.

స్కూలుకు ముందు వెళ్లడానికి ఇంకో కారణం ఉంది. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు పద్నాలుగేళ్ల లోపు పిల్లలు కుటుంబానికి సాయం చేయొచ్చని మినహాయింపు ఇచ్చారు. ఆ "కుటుంబం" నిర్వచనంలో మేనత్త, పిన్ని, బాబాయి, మేనమామ అందరూ ఉన్నారు. "మా మేనకోడలేనండి" అనగానే వచ్చిన అధికారి వెనక్కి తిరిగేది అందుకే. అయితే అదే సెక్షన్‌లో ఆ సాయం బడి వేళలు అయ్యాక, లేదంటే సెలవుల్లో మాత్రమే అని కూడా ఉంది. హాజరు పట్టీ చూస్తే చాలా కేసులు అక్కడే తేలిపోతాయి.

బంధువులందరూ చెడ్డవాళ్లని కాదు నేననేది. పింఛను డబ్బులతో ముగ్గురు మనవల్ని చదివిస్తున్న అమ్మమ్మలు నాకు తెలుసు. అలాంటివాళ్లు మమ్మల్ని చూసి హడలిపోనక్కర్లేదు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో (డీసీపీయూ) అడగండి, అది దానం కాదు.

మిగతా అపోహలు గబగబా.

"1098కి (పిల్లల హెల్ప్‌లైన్) ఫోన్ చేస్తే పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలి." తిరగక్కర్లేదు, పేరు చెప్పకపోయినా సమాచారం తీసుకుంటారు. లైంగిక వేధింపు అయితే, మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద కేసు ఉండదని పోక్సో 19వ సెక్షన్‌లో ఉంది. తెలిసీ చెప్పకపోతేనే 21వ సెక్షన్ కింద శిక్ష.

"ఫోన్ చేస్తే బిడ్డను హోమ్‌లో పడేస్తారు." హోమ్ ఆఖరి మార్గం అని చట్టమే అంటోంది.

"ఫోస్టర్ తీసుకుంటే దత్తతకు షార్ట్‌కట్." దత్తతకు వెళ్లగల బిడ్డను దీర్ఘకాలం ఫోస్టర్‌కు ఇవ్వకూడదు. 2024 మార్గదర్శకాల ప్రకారం రెండేళ్లు పెంచాక కొన్ని కేసుల్లో దత్తతకు వీలుంది, అదీ పద్ధతి ప్రకారమే. ఆస్పత్రి ఆయమ్మ ఇప్పించే బిడ్డ జోలికి మాత్రం అసలు పోకండి. 2024 మేలో మేడిపల్లిలో బయటపడ్డ శిశువుల అమ్మకాల కేసు గుర్తుందిగా. పిల్లల్లేక, ఎదురుచూసే ఓపిక లేక డబ్బు కట్టినవాళ్ల చేతుల్లోంచి పోలీసులు బిడ్డల్ని తీసుకెళ్లారు. వాళ్ల ఏడుపు చూసి తిట్టడానికి నోరు రాలేదు నాకు.

"పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా తిరుగుతోంది, అందరికీ ఫార్వర్డ్ చేయండి." 2018 మేలో ఇలాంటి మెసేజీల వల్లే చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్‌ని గుంపు కొట్టి చంపేసింది. నాకు పంపకండి, దయచేసి.

మియాపూర్ ఆవిడ ఆ సాయంత్రమే 1098కి చేశారు. మా టీం వెళ్లింది. ఇంటావిడ మొదట గయ్యిమంది, "మా మీద ఎవరు చెప్పారు?" అని నాలుగుసార్లు అడిగింది. మేం చెప్పలేదు. పాపతో విడిగా మాట్లాడాం. కొట్టడం లేదు, తిండికి లోటు లేదు. బాల్కనీ తనకిష్టమై కడుగుతోందట, అక్కడ తన తులసి మొక్క ఉందట. కానీ రెండు నెలలుగా బడికి మాత్రం పోవడం లేదు. ఊళ్లో స్కూలు టీసీ ఇవ్వలేదు, టీసీ లేకపోతే ఇక్కడ చేర్చుకోరని మేనత్త ఆగిపోయింది. టీసీ ఆలస్యమైందని అడ్మిషన్ ఆపకూడదని విద్యాహక్కు చట్టంలో ఉన్న సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. పోయిన గురువారం పక్క వీధిలోని ప్రభుత్వ బడిలో ఐదో తరగతిలో చేర్పించి వచ్చాం. ఇంటావిడ టీ ఇచ్చింది గానీ, ఎవరు చెప్పారో చెప్పమని మళ్లీ అడిగింది.