ఆసుపత్రిలో తప్పు కనబడితే ఎవరికి చెప్పాలి? ఈ ప్రశ్న వెనక ఇన్నేళ్ల కథ

2015 ఆగస్టులో గుంటూరు జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, జరిగింది గుంటూరు, విజయవాడ వాళ్లు అంత తేలిగ్గా మర్చిపోరు. విజయవాడ నుంచి ఆపరేషన్ కోసం తీసుకెళ్లిన పది రోజుల పసిబిడ్డను ఐసీయూలో ఎలుకలు కొరికాయి, బిడ్డ చనిపోయాడు. అంతకు ముందే ఒకసారి ఎలుకలు కొరికాయనీ, సిబ్బందికి చెప్పినా పట్టించుకోలేదనీ ఆ తల్లిదండ్రులు ఏడుస్తూ చెప్పారు. ఆ తర్వాత సస్పెన్షన్లు, విచారణలు, ఎలుకల బోన్లు అన్నీ వచ్చాయి. కానీ నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఒక్కటే, వాళ్లు మొదటిసారి చెప్పిన మాట ఏ రిజిస్టర్‌లోకి ఎక్కింది, ఎవరి టేబుల్ మీదికి వెళ్లింది?

మన దగ్గర చట్టాలు లేవని కాదు. ఉన్నవన్నీ నష్టం జరిగాక పనికొచ్చేవే. 1986లో వినియోగదారుల చట్టం వచ్చినా వైద్యం దాని కిందికి రాదని డాక్టర్లు చాలా ఏళ్లు వాదించారు. 1995 నవంబర్ 13న వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు వస్తుందని తేల్చేసింది. అయితే అందరికీ ఉచితంగా చూసే ఆసుపత్రులను మాత్రం బయటే ఉంచింది. అంటే విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ప్రైవేట్ ఆసుపత్రిలో బిల్లు కట్టినవాడికి వినియోగదారుల కోర్టు ఉంది, పైసా లేక పెద్దాసుపత్రికి వెళ్లినవాడికి ఆ దారి లేదు. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. తీవ్రమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప డాక్టర్ మీద క్రిమినల్ కేసు నిలవదని, అరెస్టులకు తొందరపడొద్దని కోర్టు చెప్పింది. తప్పేం లేదు, ప్రతి మరణానికీ డాక్టర్‌ను జైల్లో పెడితే సీరియస్ కేసు ఎవరూ ముట్టుకోరు. ఇటు కోర్టుల చుట్టూ ఏళ్లతరబడి తిరగలేనివాళ్లు శవాన్ని గేటు ముందు పెట్టి ధర్నా చేయడం, పెద్దమనుషులు వచ్చి ఎంతో కొంత ఇప్పించి రాజీ చేయడం మనం చూస్తూనే ఉన్నాం. దాడులు పెరిగి 2008లో రాష్ట్రం చట్టం చేసింది, ఆసుపత్రి సిబ్బంది మీద చేయి చేసుకుంటే మూడేళ్ల దాకా జైలు.

ముందే చెప్పే దారి మాత్రం చాలా ఆలస్యంగా మొదలైంది. అమెరికాలో 1999లోనే ఒక నివేదిక వైద్యంలో పొరపాట్ల వల్ల ఏడాదికి 44,000 నుంచి 98,000 మంది దాకా చనిపోతున్నారని అంచనా వేసి, మనిషిని శిక్షిస్తూ కూర్చుంటే లాభం లేదు, పొరపాటుకు చోటిచ్చే పద్ధతిని సరిచేయాలి అంది. మనకు 2010లో మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే కార్యక్రమం, 2012లో రక్తమార్పిడికి, 2015లో వైద్య పరికరాలకు అలాంటివే వచ్చాయి. మందు వికటిస్తే మామూలు మనిషి కూడా 1800-180-3024కు ఫోన్ చేసి చెప్పొచ్చు. ఈ సంగతి నేనడిగిన పదిమందిలో ఒక్కరికీ తెలియదు.

లోపల పనిచేసేవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. 2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఆపరేషన్లకు మత్తుమందు ఇచ్చే డాక్టర్ సుధాకర్ గారు మాస్కులు చాలడం లేదని బయటికి చెప్పారు, సస్పెండ్ అయ్యారు. మే నెలలో విశాఖలో పోలీసులు ఆయనతో నడుచుకున్న తీరు మీద హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. మరుసటి ఏడాది ఆయన చనిపోయారు. అది చూశాక ఒక కాంట్రాక్ట్ నర్సు నోరు విప్పుతుందా?

మా నాన్నగారిని విజయవాడలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో చేర్చినప్పుడు పక్క బెడ్ వాళ్ల ఇంజెక్షన్ ఈయనకు ఎక్కించబోయారు. చూసి ఆపాను. గొడవ చేద్దామంటే మా అన్నయ్య చెయ్యి పట్టుకుని, "ఇప్పుడొద్దురా, నాన్న ఇంకా వాళ్ల చేతుల్లోనే ఉన్నారు" అన్నాడు. ఆ భయం ప్రతి అటెండెంట్‌కూ తెలుసు. డిశ్చార్జ్ రోజు ఒక సిస్టర్ పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది, "మేం చెబితే మాకే మెమో ఇస్తారండీ, మీరు కాగితం మీద రాసివ్వండి, ఫైల్లో ఉంటుంది." తేదీ, టైమ్, బెడ్ నంబర్ వేసి రాసిచ్చాను, రెండో కాపీ మీద అందినట్టు సంతకం పెట్టించుకున్నాను. కేస్ షీట్ కాపీ కూడా అడిగాను. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నుంచే మెడికల్ కౌన్సిల్ నిబంధన ఉంది.