సేలం సుద్ద కొండలు: తెల్ల రాయికి ఒక చట్టం, పచ్చ రాయికి మరొకటి

పర్యావరణ అనుమతి లేకుండా పని మొదలుపెట్టి, తర్వాత తీరిగ్గా ఆ కాగితం తెచ్చుకోవచ్చా? కుదరదని 2025 మే 16న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆరు నెలలు గడిచాక, నవంబర్ 18న, ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2-1 మెజారిటీతో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. ఈ మధ్యలోనే, ఆగస్టులో, పార్లమెంటు గనుల చట్టాన్ని సవరించింది. ఇప్పుడు చేతిలో లీజు ఉన్నవారు అందులోనే మరో ఖనిజాన్ని కూడా చేర్చమని రాష్ట్ర ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కేంద్రం కీలకమని ప్రకటించిన ఖనిజాలైతే అదనంగా సొమ్ము కూడా కట్టనక్కర్లేదు. వేర్వేరుగా చూస్తే ఒకటి కోర్టు వార్త, ఇంకొకటి పార్లమెంటు వార్త. రెండూ కలిసి వాలే చోట్లలో తమిళనాడులోని సేలంలో మాగ్నసైట్ అనే తెల్లరాయి గనులు ఒకటి.

షెవరాయ్ కొండల పాదాన ఉన్న ఆ తెల్లని గుట్టలకు ఇంగ్లీషు దొరలు సుద్ద కొండలని పేరు పెట్టడం, ఉక్కు కొలిముల్లో వేడిని తట్టుకునే ఇటుకలకు ఆ రాయి అక్కరకు రావడం, బర్న్, దాల్మియా వంటి కంపెనీలు రంగంలోకి దిగడం, రాష్ట్ర ప్రభుత్వం తమిళనాడు మాగ్నసైట్ సంస్థను నెలకొల్పడం, 2011లో బర్న్ స్టాండర్డ్ సేలం విభాగం కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ చేతికి రావడం తెలిసిన కథే. తిరగతోడనవసరం లేదు. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. భారత భూగర్భ సర్వే శాస్త్రవేత్త సి.ఎస్. మిడిల్‌మిస్ 1896లో ఈ కొండల మీద రాసిన పత్రానికి శీర్షిక పెడుతూ, అక్కడి మూలశిలలనూ వాటి నుంచి పుట్టిన ఖనిజాలనూ కలిపే చెప్పాడు. అంటే ఇక్కడ ఉన్నది ఒక్క ఖనిజం కాదని నూట ముప్పై ఏళ్ల కిందటే కాగితం మీదకు ఎక్కింది. దాన్ని మరిచిపోయినవి ఆ తర్వాత వచ్చిన లీజులూ చట్టాలూ.

గని అంచున నిలబడితే ఇది అర్థం కావడానికి శాస్త్రం చదవనక్కర్లేదు. గోడ మొత్తం డ్యూనైట్ అనే ఆకుపచ్చటి రాయి; ఎండకూ వానకూ పైభాగం గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. ఆ రాతిని అడ్డదిడ్డంగా చీలుస్తూ తెల్లని మాగ్నసైట్ సిరలు. కొన్ని దారమంత సన్నం, కొన్ని బాగా మందం. సుత్తితో కొడితే ఆ తెల్లరాయి పింగాణీ పెంకులా నున్నగా విరుగుతుంది. మందుగుండు పేల్చాక కూలీలు గడ్డలను ఏరి, అంటుకున్న పచ్చరాతిని, మధ్యలో చిక్కుకున్న సిలికాను సుత్తితో చెక్కి పారేస్తారు. సిలికా ఎక్కువైతే ఇటుక ధర పడిపోతుంది. అక్కడక్కడ క్రోమైట్ అనే ఖనిజం నల్లగా కనిపిస్తుంది. సర్పెంటైన్, చాల్సెడోనీ అనే మరో రెండు ఖనిజాలు వేళ్లతో చూపించగలిగినంత దగ్గరలోనే ఉంటాయి. తవ్విన దానిలో ఎక్కువ భాగం బట్టీకి కాదు, డంపుకు వెళ్తుంది. బట్టీకి వెళ్లిన దానిలోనూ సగానికి పైగా, శుద్ధమైన మాగ్నసైట్ అయితే బరువులో 52 శాతం, బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలుస్తుంది.

సేలం గనులు ఎందుకు మూతపడ్డాయని అడిగితే అందరూ 2016 చెబుతారు. పర్యావరణ అనుమతి లేదన్న కారణంతో తవ్వకాలు ఆగింది ఆ ఏడాదే. కానీ 2016 ఫలితం మాత్రమే. అసలు మలుపు 2004 మార్చి 18.

1994 జనవరి 27 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం అయిదు హెక్టార్లు మించిన ప్రధాన ఖనిజాల గనులకు పర్యావరణ అనుమతి ఉండాలి. ఇది కొత్త గనులకే గాని మాకు కాదని పాత లీజుదారులు దేశమంతటా వాదించుకుంటూ వచ్చారు. ఆరావళి గనుల వ్యవహారంలో పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 2004 మార్చి 18న ఆ తలుపు మూసేసింది. లీజు పునరుద్ధరణకైనా సరే, అనుమతి తప్పనిసరి అంది. ఆ రోజుతో పాత గని అన్న మాటకు చట్టంలో రక్షణ పోయింది. ఢిల్లీ చుట్టుపక్కల గనుల కోసం వచ్చిన తీర్పు కదా అని దక్షిణాదిలో ఎవరైనా అనుకుని ఉంటే, 2006 సెప్టెంబర్ 14 నాటి కొత్త నోటిఫికేషన్ వచ్చాకైనా మేలుకోవలసింది.

2004 నుంచి 2016కు పన్నెండేళ్లు. యాజమాన్యాల వాదన కొట్టిపారేయదగ్గది కాదు: గనులు చట్టం కంటే పాతవి, మధ్యలో యజమానులు మారారు, నిబంధనలు మారుతూ పోయాయి. అయినా పన్నెండేళ్లంటే ప్రజాభిప్రాయ సేకరణకూ, ప్రభావ అంచనాకూ చాలినంత సమయమే. ఆ గనుల్లో ఇద్దరు యజమానులు ప్రభుత్వ రంగంలోని వారే కావడం విషయాన్ని ఇంకా ఇబ్బందికరం చేస్తుంది. కాగితం పని చేయవలసినవారు చేయకపోతే పని పోయేది సుత్తి పట్టుకున్నవారికి. మూతపడితే మా బతుకేమిటన్న కార్మికుల ప్రశ్న ముమ్మాటికీ న్యాయమైనది. ఆ ప్రశ్నను ముందు పెట్టుకుని, తవ్వేశాక అనుమతి ఇమ్మని అడగడమే న్యాయంగా లేదు.

2017 మార్చి 14న కేంద్రం అలాంటి ఉల్లంఘనదారులు తర్వాతైనా అనుమతికి దరఖాస్తు పెట్టుకునేందుకు ఆరు నెలల కిటికీ తెరిచింది. అదే ఏడాది ఆగస్టు 2న, ఒడిశా గనుల కేసులో సుప్రీంకోర్టు అందుకు ఎదురుగా నిలిచే మాట అంది: పర్యావరణ అనుమతి లేకుండా తవ్వినది అక్రమ ఖనిజమే, గనుల చట్టం 21(5) కింద దాని పూర్తి విలువ రాబట్టాలి. ఇప్పుడు నవంబర్ తీర్పుతో మళ్లీ ప్రాణం పోసుకున్నది మే తీర్పు మూసేసిన ఆ కిటికీ. వసూలు మాట ఎవరూ ఎత్తడం లేదు.

ఇక పచ్చరాయి సంగతి. 2015 ఫిబ్రవరి 10న కేంద్రం 31 ఖనిజాలను ప్రధాన జాబితా నుంచి తీసి చిన్న తరహా ఖనిజాలుగా ప్రకటించింది. మన మంగంపేట ముగ్గురాయి అందులో ఉంది, డ్యూనైట్ కూడా ఉంది. మాగ్నసైట్ లేదు. దాంతో ఒకే పేలుడుకు ఊడిపడిన ఒకే బండలో తెల్ల సిర కేంద్ర చట్టం కిందికి, దాన్ని పొదువుకున్న రాయి రాష్ట్ర నిబంధనల కిందికి వెళ్లాయి. ఉక్కు కర్మాగారాలు ఫ్లక్స్‌గా, అంటే కొలిమిలో మలినాలను వేరు చేయడానికి కలిపే పదార్థంగా, కొనే సరుకు డ్యూనైట్. దాన్ని చెత్త అనడం లెక్కల పుస్తకానికి మాత్రమే చెల్లుతుంది.

2025 ఫిబ్రవరి 20న ముగ్గురాయి, ఫెల్‌స్పార్, అభ్రకం, పలుగురాయి మళ్లీ ప్రధాన ఖనిజాలయ్యాయి. వాటితో పాటు కీలక ఖనిజాలు దొరుకుతాయన్నది చెప్పిన కారణాలలో ఒకటి. డ్యూనైట్ మాత్రం ఉన్నచోటే ఉంది. 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజాల్లో నికెల్, ప్లాటినం వర్గ లోహాలు ఉన్నాయి. డ్యూనైట్ వంటి శిలల్లో నికెల్ స్వల్పంగానైనా ఉండడం మామూలే. పొరుగున నామక్కల్ జిల్లా సిత్తంపూండిలో ప్లాటినం వర్గ లోహాల కోసం భూగర్భ సర్వే అన్వేషించింది కూడా. అంతమాత్రాన సేలం డంపుల్లో నిధి ఉందని కాదు. ఉందో లేదో తేల్చకుండానే ఆ డంపులున్న లీజుల్లో మరో ఖనిజాన్ని చేర్చుకునే దారి తెరుచుకుందన్నదే ఇక్కడ అభ్యంతరం.

ఆ చేర్పుకు అనుమతి ఇవ్వవలసింది రాష్ట్ర ప్రభుత్వం. 21(5) కింద విలువ రాబట్టవలసిందీ, డ్యూనైట్ మీద సీనరేజి (తవ్విన ఖనిజంపై కట్టే రుసుము) నిర్ణయించేదీ రాష్ట్ర ప్రభుత్వమే. తమిళనాడు మాగ్నసైట్ సంస్థ యజమాని కూడా అదే.