ఇరుక్కున్న తూటా చెప్పే సాక్ష్యం

ఒక తూటా పేలగానే తరువాతి దాన్ని తానే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ వేట రైఫిల్ నడుమలో ఆగిపోతే చాలామంది వెంటనే గొట్టాన్ని వెనుక నుంచి మూసి ఉంచే బోల్ట్ పిడిని బలంగా లాగి, అడ్డుపడినదాన్ని ఊడదీసి పారేస్తారు. కారణం చెప్పగల ఏకైక ఆధారం ఆ ఒక్క లాగుడుతో నేలపాలవుతుంది. గొట్టాన్ని ప్రమాదం లేని దిక్కుకే తిప్పి ఉంచి, ట్రిగ్గర్ మీద నుంచి వేలు తీసి, తూటా ఎక్కడ ఎలా ఆగిందో ముందు చూడాలి.

తూటా పేలినప్పుడు ఛాంబర్‌లో, అంటే గొట్టం వెనుక తూటా కూర్చునే చోట, పీడనం .30-06 అనే వేట తూటా రకంలో వాతావరణ పీడనానికి సుమారు 4,000 రెట్ల దాకా చేరగలదు. ఆ ఒత్తిడికి ఇత్తడి తొడుగు ఉబ్బి ఛాంబర్ గోడకు అతుక్కుంటుంది. వేడి వాయువు వెనక్కి తన్నకుండా ఆపేది అదే. పీడనం పడిపోగానే ఇత్తడి కాస్త ముడుచుకుని గోడను వదులుతుంది. గ్యాస్‌తో నడిచే రైఫిల్‌లో ఈలోగా గొట్టానికున్న సన్నని రంధ్రంలోంచి కొంత వాయువు వెళ్లి పిస్టన్‌ను తోస్తుంది, దాంతో బోల్ట్ వెనక్కి కదులుతుంది. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం ఖాళీ తొడుగును లాగుతుంది, ఎజెక్టర్ దాన్ని బయటికి విసురుతుంది. తిరిగి వస్తూ బోల్ట్, తూటాలు నింపే పెట్టె అయిన మ్యాగజైన్‌లోని కొత్త తూటాను ఛాంబర్‌లోకి నెడుతుంది. ఇంత పనీ రెప్పపాటులో!

ఖాళీ తొడుగు సగం బయటికొచ్చి పొగగొట్టంలా నిలబడిందంటే, చాలావరకు బోల్ట్ పూర్తిగా వెనక్కి రాలేదని అర్థం. గ్యాస్ రంధ్రంలో మసి, శక్తి చాలని తూటా, చలికి చిక్కబడ్డ నూనె, వీటిలో ఏదైనా కావచ్చు. నూనె ఎక్కువైనా చేటే, మసిని పట్టి ముద్దచేస్తుంది.

తొడుగు ఛాంబర్‌లోనే ఉండిపోతే, బయటికి తీశాక దాని అడుగు అంచును వెలుతురులో తిప్పి చూడండి. ఇంత చిన్న జాగాలో ఇంత సమాచారం ఉండటం నాకు ఎప్పుడూ అబ్బురమే. అంచు చిరిగి ఉంటే కొక్కెం గట్టిగానే లాగింది, ఛాంబరే వదల్లేదు. అక్కడ మురికో తుప్పో ఉంది. అంచు మీద గీత కూడా లేకపోతే కొక్కెం అరిగింది, లేదా దాని స్ప్రింగ్ నీరసించింది. 1960లలో వియత్నాంలో అమెరికా సైనికుల ఎం-16 రైఫిళ్లను పీడించినది ఈ ఛాంబర్ జబ్బే. తూటా మందు రకం మార్చారు, శుభ్రం చేసే సామగ్రి చాలినంత ఇవ్వలేదు, ఛాంబర్‌కు క్రోమియం పూత లేదు. తొడుగులు లోపలే ఉండిపోయి సైనికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తరువాత ఆ పూత వేశారు.

కొత్త తూటా మొన ఛాంబర్ కింది అంచుకు గుద్దుకుని ఆగితే ముందు మ్యాగజైన్‌నే అనుమానించాలి. తూటాను పట్టి ఉంచే దాని పై అంచులు కొద్దిగా వంగినా దారి తప్పుతుంది. మ్యాగజైన్ మార్చి చూస్తే విషయం తేలిపోతుంది. శుభ్రం చేసి, మ్యాగజైన్, తూటాల రకం మార్చినా బాగుపడకపోతే నిపుణుడికి ఇవ్వాలి. గ్యాస్ రంధ్రాన్ని సొంతంగా పెద్దది చేయకూడదు.

ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే వెంటనే బోల్ట్ తెరవకండి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు, కనీసం 30 సెకన్లు ఆగాలి. మామూలు కంటే నీరసంగా పేలిన చప్పుడు వినిపిస్తే మాత్రం కాల్చడం అక్కడితో ఆపి, తూటాలన్నీ తీసేసి, ఛాంబర్ వైపు నుంచి గొట్టంలోకి వెలుతురు పారుతోందేమో చూడాలి. తూటా ముందుండే గుండు గొట్టం మధ్యలోనే నిలిచిపోయి ఉంటే, దాని వెనుక పేలే రెండో తూటాకు గొట్టమే చీలిపోవచ్చు.