పిల్లిమొగ్గలు, పిరమిడ్లు: బడి జిమ్నాస్టిక్స్ మీద అపోహలు - వాస్తవాలు

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో, మరాఠీ మాధ్యమం బడిలో వ్యాయామం నేర్పుతాను. మా పిల్లలకు ఇంట్లో తెలుగు, తరగతిలో మరాఠీ. ఏటా జనవరి 26కు ఏడో తరగతి మొత్తం చేత రెండు నిమిషాల సామూహిక జిమ్నాస్టిక్స్ చేయిస్తాం. డిసెంబరు వచ్చిందంటే ఈ మాటలు మొదలవుతాయి.

అపోహ: ఒళ్ళు వంగే పదిమందిని ఏరుకుంటే చాలు.

వాస్తవం: ఒక్కడు వెనక్కి పల్టీ కొడితే జనం వాడినే చూస్తారు. ముప్పై ఆరుమంది ఒకే లెక్కకు చేతులెత్తి, ఒకే లెక్కకు కూర్చుంటే మైదానం నిండిపోతుంది. 1953లో రోటర్‌డామ్‌లో మొదలైన ప్రపంచ జిమ్నేస్ట్రాడా అనే జిమ్నాస్టిక్స్ పండగలో పతకాలూ మార్కులూ లేవు, అన్ని వయసులవాళ్ళూ గుంపులుగా ఆడతారు. బడికి సరిపోయే దారి అదే. పిల్లిమొగ్గ ఇంకా రాని పిల్ల అదే ఎనిమిది లెక్కల్లో పక్కకు దొర్లుతుంది. ఆట ఆగదు, పిల్లా బయట నిలబడదు.

అపోహ: రానివాళ్ళను వెనక వరుసలో పెడితే ముందువాళ్ళను చూసి చేసేస్తారు.

వాస్తవం: చూసి చేసేవాడు ఎప్పుడూ అర లెక్క వెనకే ఉంటాడు. ఆ వరుస అంతా అలలా కదులుతుంది, దూరం నుంచి చూసేవాళ్ళకు మొదట కనబడేది అదే. అందుకే మొదటి వారమే నాలుగు వరుసలను నాలుగు దిక్కులకు తిప్పేస్తాను. చూసి రాసుకోవడానికి ముందు ఎవరూ ఉండరు, లెక్క ఒక్కటే ఉంటుంది. ఏక్, దోన్, తీన్ అని మరాఠీలో గట్టిగా లెక్కపెడతారు. తప్పు మాత్రం తెలుగులోనే దిద్దుతాను. "మోకాలు వంచకు బిడ్డా" అంటే అందినంత తొందరగా ఇంకే మాటా అందదు.

నిమిషానికి 120 దెబ్బల పాటైతే రెండు నిమిషాల్లో 240 దెబ్బలు, అంటే ఎనిమిదేసి లెక్కల చొప్పున 30 ఎనిమిదులు. వాటిలో చివరి నాలుగు ఎనిమిదులు ముందు నేర్పుతాను. మొదటి నుంచి నేర్పుకుంటూ పోతే ఆరంభం వందసార్లు చేస్తారు, ముగింపు పదిసార్లు. మైదానంలో తడబడేది ముగింపులోనే.

అపోహ: పిరమిడ్‌లో లావుగా ఉన్నవాడు కింద, బక్కగా ఉన్నవాడు పైన.

వాస్తవం: ఈ మాట నలుగురిలో అంటే ఆ పిల్లవాడి మనసు విరిగిపోతుంది, పైగా ఆ లెక్కే తప్పు. కింద ఉండేవాళ్ళకు కావలసింది వంగని మోచేతులు, కుంగని నడుము. చేతులు, మోకాళ్ళు నేలకు ఆనించి వంగినప్పుడు అరచేతులు సరిగ్గా భుజాల కింద, మోకాళ్ళు తుంటి కింద ఉండాలి. పైవాడి బరువు వాళ్ళ భుజాల మీద, తుంటి మీద పడాలి తప్ప వీపు మధ్యలో ఎన్నడూ పడకూడదు. ఇక పైకి ఎక్కేవాడు చెప్పిన మాట వినేవాడై ఉండాలి. భయపడే పిల్లను బక్కగా ఉందని ఎక్కించడం పెద్ద తప్పు.

ఒకరి మీద ఒకరు ఎక్కి ఉట్టి కొట్టే దహీహండీ చూసిన పిల్లలు "సారూ, మనం గూడ ఐదంతస్తులు కట్టుదాం" అంటారు. నేను రెండంతస్తులు దాటను. 2017లో బొంబాయి హైకోర్టు ముందు రాష్ట్ర ప్రభుత్వమే పద్నాలుగేళ్ళలోపు పిల్లలను దహీహండీలోకి రానివ్వబోమని ఒప్పుకుంది. మా ఏడో తరగతివాళ్ళకు పన్నెండు, పదమూడేళ్ళే. ఎక్కడం కంటే దిగడం ఎక్కువసార్లు చేయిస్తాను: ముందు పైవాడు, తర్వాతే కిందివాళ్ళు, పక్కన కాచుకునేవాళ్ళు ఇద్దరు. ఫొటో కోసం అంతా ఒక్కసారి పడిపోయే ముగింపును మా బడిలో ఒప్పుకోను.

అపోహ: పరుపు వేస్తే దెబ్బ తగలదు.

వాస్తవం: మెత్తటి పరుపులో మణికట్టు, చీలమండ మడతపడతాయి. గోదావరి ఇసుక దూకడానికి బాగుంటుంది, చేతుల మీద పక్కకు తిరిగే బండిచక్రానికి పనికిరాదు, చేతులు దిగబడతాయి. గట్టి చాప, చదునైన నేల కావాలి. పిల్లిమొగ్గలో గడ్డం ఛాతీకి ఆనించి, బరువు భుజాల వెనక భాగం మీదుగా దొర్లాలి. నడినెత్తి నేలకు ఆనితే అక్కడే ఆపేయాలి.

అపోహ: చదును పాదాలవాళ్ళకు, ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళకు ఇది రాదు.

వాస్తవం: జిమ్నాస్ట్ దీపా కర్మాకర్‌వి చదును పాదాలే. 2016 రియో ఒలింపిక్స్‌లో, పరుగెత్తి వచ్చి బల్ల మీద చేతులు ఆనించి ఎగిరే వాల్ట్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, కాంస్యం 0.150 తేడాతో తప్పింది. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్ వాల్ట్‌లో కాంస్యం తెచ్చిన మన హైదరాబాద్ అమ్మాయి బుడ్డా అరుణారెడ్డి ముందు నేర్చింది కరాటే. మా పిల్లలకు పతకాలు అక్కర్లేదు, రెండు నెలలు ఓపిగ్గా నేర్పేవాళ్ళు కావాలి.

అపోహ: జిమ్నాస్టిక్స్ చేస్తే పొడుగు పెరగరు.

వాస్తవం: పొట్టిగా ఉన్నవాళ్ళు గాలిలో తొందరగా తిరగగలరు, అందుకే పై పోటీల్లో వాళ్ళే ఎక్కువ నిలుస్తారు. వారానికి మూడు రోజుల బడి సాధనకూ పొడుగుకూ సంబంధం లేదు.

అపోహ: "ఆడపిల్లతోని దొమ్మరాట ఆడిస్తరా సారూ?"

వాస్తవం: ఈ ప్రశ్న ఒక తల్లి అడిగింది. దొమ్మరులు తాడు మీద, గెడ మీద చేసేది తరాలుగా దిద్దుకున్న విద్యమ్మా, దాన్ని తిట్టులా అనొద్దు అన్నాను. ఆమె అసలు దిగులు బట్టల గురించి. ట్రాక్ ప్యాంటు, లోపలికి దోపిన చొక్కా చాలన్నాను. గాజులు, గొలుసు, పట్టీలు ఇంట్లోనే తీసి పంపమన్నాను. సోమవారం నుంచి ఆ అమ్మాయి రెండో వరుసలో ఉంది.